అరణ్యమార్గమున మిల్డ్రెడ్ కేబుల్

ధ్యానభాగములు: అపొస్తలుల కార్యములు 8:4–8, 26–40, నిర్గమకాండము 15:22–27

సమరయలో ఫిలిప్పు పని పచ్చగా సాగుచుండెను. వినువారు గుంపులు గుంపులుగా వచ్చుచుండిరి. రోగులు లేచి నడచుచుండిరి. ఊరంతయు పండుగవలె నుండెను. అట్టి సమయమున అతనికి వచ్చిన ఆజ్ఞ మనకు వింతగా తోచును. నిండు పట్టణమును విడిచి, గాజాకు పోవు నిర్జనమైన దారిని పట్టవలెనట. ఆ దారిలో అతనికి సభ లేదు, సంఘము లేదు. రథములో కూర్చుండి గ్రంథము చదువుకొనుచున్న పరదేశి యొకడు మాత్రము కలడు. ఆ యొక్కని కొరకు అంతమందిని విడుచుట లాభమా, నష్టమా అని లెక్క వేసియుండినయెడల ఫిలిప్పు కదలియుండడు.

మన తెలుగు బైబిలులో ఆ దారికి అరణ్యమార్గమని పేరు. అరణ్యమనగానే మనకు చెట్లు, తీగెలు, మృగములు గల అడవి జ్ఞాపకమునకు వచ్చును. కాని బైబిలులోని అరణ్యమున నీడనిచ్చు చెట్టు లేదు, దప్పిక తీర్చు చెరువు లేదు. రాయి, ఇసుక, ఎండ, గాలి, ఇంతే. ఇరువదవ శతాబ్దములో అట్టి మార్గమున ఏండ్ల తరబడి బండి వెంట నడచిన ఒక స్త్రీ జీవితమును ఈ నెల మన ధ్యానమునకు తీసికొనుచున్నాము. ఆమె పేరు మిల్డ్రెడ్ కేబుల్. ఆమె నడచినది గోబీ ఎడారి.

పిలుపు, దాని వెల

మిల్డ్రెడ్ కేబుల్ 1878వ సంవత్సరము ఫిబ్రవరి 21న ఇంగ్లాండులోని గిల్డ్‌ఫర్డ్ పట్టణమున ఒక బట్టల వర్తకుని యింట జన్మించెను. ఇంకను పడుచుప్రాయముననే చైనాదేశమున ప్రభువు సేవచేయవలెనను తలంపు ఆమె హృదయములో పడెను. తలంపు పడుట వేరు, దానికి తగినట్లు సిద్ధపడుట వేరు. ఆమె సిద్ధపడెను. మందులు తయారుచేయు విద్యను, రోగులకు సహాయము చేయుటకు కావలసిన శాస్త్రములను లండనులో అభ్యసించెను.

ఆ దినములలో ఆమెకు ఒక యౌవనస్థునితో వివాహము నిశ్చయమైయుండెను. అతడును మిషనెరీగా పోవలెనని కోరినవాడే. ఇద్దరును కలిసి సేవచేయుదురని అందరును తలంచిరి. కాని కొంతకాలమునకు అతని మనస్సు మారెను. చైనా ప్రయాణమును మానుకొన్నయెడలనే పెండ్లి అని చెప్పెను. మిల్డ్రెడ్ తన పిలుపును వదలుకొనలేదు, పెండ్లి ఆగిపోయెను. ఆ గాయము చిన్నది కాదు. మిషనెరీల చరిత్రలు చదువునప్పుడు మనము ఇట్టి సంగతులను ఒక్క వాక్యముతో దాటిపోవుదుము. ఆ యేండ్లలో ఒక యువతికి అది ఎంత భారమో, బంధువుల ముందు ఎంత అవమానమో, కుమార్తెలు గల తలిదండ్రులు ఎరుగుదురు.

భయపడుటకు వేరొక కారణమును ఉండెను. 1900లో చైనాలో విదేశీయుల మీదను క్రైస్తవుల మీదను గొప్ప తిరుగుబాటు లేచెను. చైనా ఇన్లాండు మిషనుకు చెందిన 58 మంది పెద్దలును 21 మంది పిల్లలును ఆ సంవత్సరమున చంపబడిరి. చైనా క్రైస్తవులు వేలకొలది హతులైరి. అందరికంటె ఎక్కువ రక్తము చిందినది షాన్సీ రాష్ట్రముననే. మరుసటి సంవత్సరము, 1901లో, మిల్డ్రెడ్ ఆ మిషనులోనే చేరి చైనాకు వచ్చి ఆ షాన్సీకే వెళ్లెను.

ముగ్గురు స్త్రీలు

చైనాలో ఆమెకు ఎవాంజలీన్ ఫ్రెంచి అను పెద్దసేవకురాలు తోడుగా దొరికెను. ఎవా అని అందరును పిలుచుచుండిరి. ఆమె 1893లోనే చైనాకు వచ్చి, 1900 నాటి తిరుగుబాటులో చావు తప్పించుకొన్నది. మిల్డ్రెడ్‌కంటె తొమ్మిదేండ్లు పెద్దది. కొన్ని సంవత్సరములైన పిమ్మట ఎవా చెల్లెలు ఫ్రాంచెస్కాయు, తాను కనిపెట్టుకొనియున్న తల్లి మరణించిన తరువాత, వారితో వచ్చి చేరెను. అప్పటినుండి మరణపర్యంతము ఆ ముగ్గురు ఒకే కుటుంబముగా జీవించిరి. ఒకరి పేరు చెప్పిన మిగిలిన ఇద్దరి పేర్లును చెప్పవలసినదే.

షాన్సీలో హ్వోచౌ అను పట్టణము వారి పొలము. అక్కడి సంఘమునకు మంచి పునాది యుండెను. నల్లమందునకు బానిసయై విడుదల పొందిన షీ పాస్టరుగారు నల్లమందు రోగులకు ఆశ్రయగృహములు తెరచుచున్నప్పుడు, హ్వోచౌలో ఒక గృహము తెరచుటకు సొమ్ము లేకపోగా ఆయన భార్య తన నగలను ఇచ్చివేసెను. ఒక స్త్రీ తన నగలను ఇచ్చి ఆరంభించిన పనిని ఇంకొక ముగ్గురు స్త్రీలు అందుకొనిరి. ఆడపిల్లల పాదములను చిన్నప్పుడే కట్టివేయు ఆచారము ఇంకను పోని దినములలో వారు బాలికలకు పాఠశాల నడిపిరి, స్త్రీలకు బైబిలు నేర్పిరి, ఉపాధ్యాయినులను సిద్ధపరచిరి. ఇరువది సంవత్సరములకు పైగా ఆ పని నడచెను, బలపడెను. పాఠశాల పెరిగెను, సంఘము పెరిగెను, సంఘమును నడిపించుటకు ఆ దేశస్థులే తయారైరి.

అక్కడనే వారు వృద్ధులై, విద్యార్థినుల పిల్లలకును పాఠము చెప్పి, గౌరవముతో సమాధి చేయబడియుండవచ్చును. అట్టి ముగింపును ఎవరును తప్పుపట్టియుండరు.

ఫలించుచున్న చెట్టును విడుచుట

అయితే ఆ ముగ్గురి మనస్సులు పడమర వైపునకు తిరిగెను. కాన్సు రాష్ట్రము మొదలుకొని సింకియాంగు వరకు, ప్రాచీనకాలమున పట్టు వర్తకులు ఒంటెలతో నడచిన త్రోవ పొడవున, సువార్త విననట్టి పట్టణములును సత్రములును గుడారములును ఉండెను. అక్కడికి పోయినవారు బహు కొద్దిమంది. తాము హ్వోచౌలో ఉండుట అవసరమా, లేక తాము లేకుండనే ఆ పని సాగునా అని వారు ప్రార్థనాపూర్వకముగా ఆలోచించిరి. సాగునని తేలినప్పుడు వారికి దారి కనబడెను.

తెలిసినవారిలో కొందరు దీనిని బుద్ధిహీనత అనుకొనిరి. 1923లో వారు బయలుదేరునాటికి ఎవాకు 54 ఏండ్లు, ఫ్రాంచెస్కాకు 51, మిల్డ్రెడ్‌కు 45. అనుభవము గల సేవకులను ఎడారికి పంపి వ్యర్థము చేయుట ఏల అని వారి ఆక్షేపణ. దానిలో న్యాయము లేకపోలేదు. కాని ఆ స్త్రీలు విడిచినది చెడిపోయిన పనిని కాదు, ఫలించుచున్న పనిని. చెడిపోయిన పనిని విడుచుటకు ఎవరికైనను సాధ్యము. తాము నాటి, నీరు పోసి, పెంచిన చెట్టు కాయలు కాయుచుండగా తాళపుచెవులను వేరొకరి చేతిలో పెట్టి వెళ్లుటకు కృప కావలెను.

పెద్ద చక్రముల కంచరగాడిద బండ్లపై గ్రంథములను, మందులను, పరుపుచుట్టలను వేసికొని వారు పడమరకు సాగిరి. కాంచౌ పట్టణము చేరగా, అక్కడ పనిచేయుచున్న ఒక చైనా క్రైస్తవ వైద్యుడు తన సంఘస్థులకు బైబిలు నేర్పుడని వారిని బ్రతిమాలెను. ఆ చలికాలము అక్కడ నిలిచిరి. ఆ తరువాత ఇంకను పడమరగా పోయి సుచౌ పట్టణమును తమ నివాసస్థలముగా చేసికొనిరి. నేడు దానిని జియుచ్వాన్ అందురు. మద్యపు ఊట అని ఆ పేరునకు అర్థము. చైనా మహాప్రాకారము లోపల అదియే కడపటి పెద్దపట్టణము. చలికాలమున అక్కడ ఉండి బోధించుట, మిగిలిన నెలలలో ఎడారి త్రోవలు పట్టుట వారి క్రమమాయెను.

నిట్టూర్పుల ద్వారము

సుచౌకు పడమర జియాయుక్వాన్ అను కోట కలదు. 1372లో మింగు వంశపు రాజుల కాలమున కట్టబడినది. మహాప్రాకారము పడమటి కొన అక్కడనే. ఆ కోట పడమటి ద్వారమున నిలిచి చూచినయెడల ఎదుట ఎడారి తప్ప ఏమియు లేదు. రాజాగ్రహమునకు గురియై దేశబహిష్కారము పొందినవారు శతాబ్దములపాటు ఆ ద్వారము గుండనే బయటికి పోయిరి. పోవుచు తమ దుఃఖమును ఆ గోడల మీద గీసిపోయిరి. ప్రయాణికులు ఒక రాయి తీసి గోడమీద విసరుట వాడుక. రాయి తిరిగి ఎగిరివచ్చినయెడల తామును ప్రాణముతో తిరిగివత్తుమని వారి నమ్మకము.

ఇష్టములేక, ఏడ్చుచు జనులు వెడలిన ఆ ద్వారము గుండ ఈ స్త్రీలు తామే కోరుకొని వెడలిరి. వారిని వెలివేసిన రాజు లేడు. పిలిచిన ప్రభువు మాత్రము కలడు.

నడక నేర్పిన పాఠములు

గోబీ ఎడారి విస్తీర్ణము సుమారు 13 లక్షల చదరపు కిలోమీటర్లు. ఎడారియన్నంతనే ఇసుకతిన్నెలు మనకు తోచును గాని గోబీలో ఎక్కువ భాగము గులకరాళ్ల నేల. కొన్నిచోట్ల రాళ్లు కాల్చినట్లు నల్లగా మెరయుచుండును. వేసవిలో రాయి పట్టుకొనలేనంత వేడి. చలికాలమున సున్నాకు క్రిందుగా 40 డిగ్రీల వరకు చలి. గాలి లేచినయెడల పగలు చీకటియగును, చిన్నరాళ్లు సహితము ఎగిరి ముఖమున కొట్టును.

బావిని బట్టి మజిలీ. ఒక నీటిపట్టునుండి మరియొక నీటిపట్టునకు ఎంత దూరమో అంతే ఒక దినపు ప్రయాణము. ఇరువది మైళ్లు కావచ్చును, ముప్పది కావచ్చును. మధ్యలో ఆగుటకు వీలులేదు, తొందరపడుటకును వీలులేదు. వేసవిలో ప్రొద్దు క్రుంకువేళ బయలుదేరి తెల్లవారువరకు నడచెదరు. బండ్లకు స్ప్రింగులు లేవు గనుక రాళ్లమీద వాటిలో కూర్చుండుటకంటె నడచుటయే నయము. అట్లు ఆ ముగ్గురు స్త్రీలు నక్షత్రముల క్రింద, కంచరగాడిదల గంటల చప్పుడు వినుచు, రాత్రులకు రాత్రులు నడచిరి.

ఇంతచేసి చేరిన బావిలో నీరు మంచిదని నమ్మకము లేదు. ఉప్పునీరు, గంధకపు నీరు తరచు ఎదురగును. కాన్సును విడిచి సింకియాంగులోని హామీకి పోవు దారిలో ఒక మజిలీకి చేదునీరు అనియే పేరు. మారా యొద్ద ఇశ్రాయేలీయులు ఎందుకు సణిగిరో మనము ఇంట కూర్చుండి విమర్శింతుము. రాత్రియంతయు నడచి, నాలుక పిడచగట్టుకొని, చేద వేసి తోడిన నీరు నోట పెట్టుకొనలేకపోయిన వానికి ఆ సణుగుడు అర్థమగును. అయితే ఆ ఎడారిలోనే, ఆ దారిలోనే, రాళ్ల కనుమ నడుమ సింగ్‌సింగ్‌షియా అను చోట మంచినీరు కలదు. మారాకు అవతల ఏలీము. చేదునీటి మజిలీలో నిలిచిపోయినవాడు ఏలీము చూడలేడు.

ఇంకొక పాఠమును ఎడారిప్రయాణికులు క్రొత్తవారికి నేర్పుదురు. రాత్రివేళ బండ్లకు వెనుకబడినవానికి ఎవరో పేరుపెట్టి పిలిచినట్లును, దూరమున దీపము కదలినట్లును తోచునట. ఆ పిలుపు విని దారి విడిచినవాడు మరల కనబడడు. దారి అనగా అక్కడ రోడ్డు కాదు, మునుపటి బండ్ల చక్రపు జాడ మాత్రమే. ఆ జాడను విడువకుండుటయే ప్రాణము. ఏడవ శతాబ్దమున ఇదే ఎడారిని దాటిన చైనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు తన నీటితిత్తి ఒలికిపోగా దప్పికతో చావుకు సమీపించెను. ఆ యాత్రికుడే తరువాత మన కృష్ణాతీరమునకు వచ్చి ధాన్యకటకమును దర్శించినవాడు. బ్రతికి దారి తప్పనందున గదా ఇంతదూరము వచ్చెను! విశ్వాసయాత్రలోను మనలను పేరుపెట్టి పిలుచు పరాయి స్వరములు అనేకములు. మనకు ముందు నడచిన పరిశుద్ధుల జాడను చూచి నడచుట మేలు.

త్రోవలో ఎవరు దొరికిరి?

ఆ కాలమున గోబీకి వచ్చిన విదేశీయులలో పండితులును అన్వేషకులును ఉండిరి. పటములు గీచినవారు, గుహలలోని ప్రాచీనగ్రంథములను పెట్టెలకెత్తి తమ దేశములకు తీసికొనిపోయినవారు ఉండిరి. మిల్డ్రెడ్‌యు ఆమె సహచరులును గ్రంథములను తెచ్చి అక్కడ విడిచిరి. చైనా, టిబెట్టు, మంగోలు, తుర్కీ మొదలగు భాషలలోని సువార్తలను చిన్నవెలకు అమ్ముచు, తిరునాళ్లలోను సంతలలోను సత్రముల యొద్దను కూర్చుండిరి. ఒంటెలు తోలువారు, ఉన్ని వర్తకులు, సన్యాసులు, సిపాయిలు, పరారియైన నేరస్థులు, అందరును ఆ సత్రములకు వచ్చువారే. రాత్రికి దిగి ఉదయమునకు లేచిపోవు బాటసారి మరల ఎప్పుడు దొరకునో తెలియదు. చెప్పవలసినది ఆ రాత్రియే చెప్పవలెను.

పురుషులకు పోవీలులేని చోటికి ఈ స్త్రీలు పోగలిగిరి. తుర్కీ ముస్లిముల ఇండ్లలో లోపలి వాకిలి దాటి, స్త్రీల మధ్య కూర్చుండి, వారి కష్టసుఖములు వినిరి. ఎడారిమధ్య ఒంటిసత్రము నడుపుకొనువాని భార్యకు నెలల తరబడి మాటాడుటకు మరియొక ఆడుదిక్కు ఉండదు. అట్టిదాని చాపమీద కూర్చుండి, బిడ్డ పుండునకు మందు వేసి, ప్రభువును గూర్చి చెప్పుటకే ఈ ముప్పది మైళ్ల నడక. ఊరినుండి ఊరికి సంచి భుజాన వేసికొని నడచి, ఇంటింట స్త్రీలకు చదివి వినిపించిన మన బైబిలు స్త్రీలను ఎరిగినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. దేశము వేరు, సంచి ఒకటే.

సుచౌలో ఒక చిన్నపిల్ల వారి తలుపునొద్దకు వచ్చి బిచ్చమడుగుచుండెను. చెవిటిది, మూగది. బిచ్చమెత్తుటకే ఒకామె దానిని పెంచుచుండెను. వీధికుక్కలు కరచిన గాయములు ఆ పిల్ల కాళ్లమీద ఉండెను. కుక్క మొరుగు వినబడని బిడ్డ దానినుండి ఎట్లు తప్పించుకొనును? స్త్రీలు ఆమెకు అన్నము పెట్టిరి, గాయములు కట్టిరి, తరువాత ఆ పెంచినదానికి సొమ్మిచ్చి బిడ్డను విడిపించి తమ కుమార్తెగా చేసికొనిరి. టాప్సీ అని ముద్దుగా పిలిచిరి. ప్రసంగము వినలేని బిడ్డకు వారు సువార్తను ఏ మాటలతో చెప్పిరి? పెట్టిన అన్నముతో, కట్టిన కట్టుతో, విడుదలకు ఇచ్చిన వెలతో చెప్పిరి. మనము చెవులున్నవారికి ఇంతకంటె స్పష్టముగా చెప్పుచున్నామా?

గాయపడిన సేనాని

1926లో వారు ఎడారిని దాటి, సైబీరియా గుండ స్వదేశమునకు పోయి, 1928లో తిరిగివచ్చిరి. మరల ఎడారి మార్గములే. ఇంతలో కాన్సు, సింకియాంగు ప్రాంతములలో యుద్ధము చెలరేగెను. మా చుంగ్‌యింగ్ అను యౌవనస్థుడైన సేనాని, ఇంచుమించు ఇరువదేండ్లవాడు, సైన్యము పోగుచేసికొని ఊళ్లను దోచుచుండెను. 1931లో అతడు యుద్ధమున గాయపడి అన్సి పట్టణమున ఉండెను. తున్‌హువాంగ్‌లో ఉన్న ఆ ముగ్గురు స్త్రీలకు మందులు తెలియునని విని, వచ్చి తన గాయములకు చికిత్స చేయవలెనని ఆజ్ఞ పంపెను. పోకుండుటకు వీలులేదు, దినముల తరబడి ఎడారిప్రయాణము చేసి వెళ్లిరి.

అతని నోటి మాటతో మనుష్యులు ప్రాణములు కోల్పోవుచుండిరి. మిల్డ్రెడ్ లండనులో నేర్చిన విద్య ఆ దినమున అక్కరకు వచ్చెను. శత్రువని చూడక గాయములను కడిగి మానుపుటకు సహాయము చేసిరి. విడుదల దొరికినప్పుడు మిల్డ్రెడ్ ఊరక పోలేదు. కొత్తనిబంధనను, పది ఆజ్ఞలను అతని చేతికిచ్చి, అతని ఆత్మను గూర్చి అతనితో మాటాడెను. హేరోదు ఎదుట యోహాను, ఫేలిక్సు ఎదుట పౌలు ఎట్టి స్థలమున నిలిచిరో అట్టి స్థలమది. అతడు మారెనని వ్రాయుటకు మాకు ఆధారము లేదు. వైద్యము చేయుటయు సత్యము చెప్పుటయు ఆమె పని. అవి రెండును చేసెను.

తున్‌హువాంగ్‌కు తిరిగివచ్చినను వారికి నెమ్మది లేదు. సిపాయిలు ధాన్యమును పశువులను లాగుకొనిపోవుచుండిరి. రోగములు ప్రబలెను. ఊరు విడుచుటకు ఎవరికిని సెలవు లేదు. కొన్ని నెలలు బాధితుల మధ్య పనిచేసి, 1932లో వారు రహస్యముగా బయలుదేరి యుద్ధభూముల గుండ ఎడారి దాటి హామీ చేరిరి. అక్కడనుండి ఉరుంచీకి, ఆపైన సైబీరియా మీదుగా ఇంగ్లాండుకు. మరల 1935లో సుచౌకు వచ్చిరి. అయితే 1936లో విదేశీయులు ఆ ప్రాంతమును విడువవలసివచ్చెను. అప్పటికి వారు ఎడారిని ఆ కొననుండి ఈ కొనకు ఐదుసార్లు నడచియుండిరి. టాప్సీ వారితోకూడ ఇంగ్లాండుకు పోయి వారి కడవరకు వారి ఇంటనే ఉండెను.

తరువాతి సంవత్సరములలో మిల్డ్రెడ్ బైబిలు సొసైటీ పక్షముగా దూరదేశములలో తిరిగి మాటాడెను. ఫ్రాంచెస్కాతో కలిసి వ్రాసిన గోబీ ఎడారి అను గ్రంథము 1942లో అచ్చయ్యెను. 1943లో స్కాట్లండు భూగోళ సంఘమువారు ఆ ముగ్గురికి లివింగ్‌స్టను పతకము ఇచ్చిరి. 1952 ఏప్రిల్ 30న మిల్డ్రెడ్ లండనులో ప్రభువునందు నిద్రించెను. ఎవాయు ఫ్రాంచెస్కాయు 1960లో, కొద్దివారముల ఎడముతో, ఆమెను వెంబడించిరి.

వ్యర్థమా?

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్నకు వత్తము. హ్వోచౌలోనే ఉండియుండినయెడల వందలమంది బాలికలు ఇంకను చదువుకొనియుండరా? ఎడారిలో ఏమి మిగిలెను? గొప్ప ఆలయము కట్టలేదు. పేరుగల సంఘము స్థాపింపబడలేదు. అమ్మిన సువార్తలను ఎవరు చదివిరో, ఎవరు పొయ్యిలో పెట్టిరో లెక్క లేదు. చేతిలో కనబడు ఫలము ఒక చెవిటి బిడ్డ.

ప్రియ చదువరులారా, ఈ ప్రశ్నను మెత్తగా దాటిపోవుట న్యాయము కాదు. మన సంఘములలోను ఈ లెక్కయే నడచుచున్నది. ఎంతమంది వచ్చిరి, ఎంత కానుక పడెను, ఎన్ని బాప్తిస్మములు అని అడుగుదుము. చిన్న కూటమునకు పొమ్మన్నయెడల పెద్ద పాస్టరునకు చిన్నతనము. పదవి విడుమన్నయెడల సంఘపెద్దకు కోపము. ముప్పదియేండ్లు స్త్రీల సమాజమును నడిపినవారు తమ తరువాత ఎవరు నడుపుదురని అడిగిన ఉలికిపడుదురు. హ్వోచౌ స్త్రీలు మనకు నేర్పునది మొదట ఇదియే. మనము లేకుండ సాగు పనిని సిద్ధపరచినవాడే నమ్మకమైన సేవకుడు. వారి తరువాత హ్వోచౌ పని ఆ దేశస్థుల చేతిలో ఉండెను. 1949 తరువాత విదేశీ మిషనెరీలందరును చైనాను విడిచిపోయిరి. అయినను చైనా సంఘము చావలేదు, కష్టములలోను పెరిగెను.

రెండవది ఎడారియే నేర్పును. గోబీకి పడమర తుర్ఫాన్ అను పల్లపు సీమ కలదు. దానిలో అతిపల్లమైన చోటు సముద్రమట్టమునకు సుమారు 154 మీటర్లు క్రిందుగా ఉన్నది. వాన లేదు, ఎండకు నేల మాడిపోవును. అయినను అక్కడ ద్రాక్షతోటలు, ఖర్బూజ పొలములు కలవు. ఎట్లనగా, దూరపు కొండలమీది మంచు కరగిన నీటిని అక్కడి రైతులు నేలక్రింద త్రవ్విన కాలువలలో తెచ్చుదురు. కారేజులని వాటి పేరు. పైన పారినయెడల నీరు ఎండకు ఆవిరియై పోవును గనుక క్రిందనే పారవలెను. పైన నడచువానికి నీరు కనబడదు, చప్పుడు వినబడదు. వరుసగా మట్టిదిబ్బలు మాత్రము కనబడును. చివర తోట పచ్చగా ఉన్నప్పుడే నీరు వచ్చినదని తెలియును.

ఐతియొపీయుడు సంతోషముతో తన దారిని పోయిన తరువాత ఫిలిప్పు అతనిని మరల చూచినట్లు లేఖనమున లేదు. అతని దేశమున ఏమి జరిగెనో ఫిలిప్పునకు ఎవరు చెప్పిరి? అతడు లెక్క అడుగలేదు. తరువాతి ఊరికి పోయెను. దేవుడు మనలను నిండు సమరయలో ఉంచినను స్తోత్రము. ఒకనాడు ఒక్కని కొరకు, ఒక్క బిడ్డ కొరకు, ఎవరును చూడని దారికి పంపినను స్తోత్రము. ఎక్కడ ఉండవలెనో నిర్ణయించువాడు ఆయన. నడచుట మన పని.

ధ్యానమునకు

1. నేను ఇప్పుడు పట్టుకొనియున్న పనిలో ఇంకొకరికి అప్పగింపదగినది ఏది? అప్పగించుటకు నాకు అడ్డము వచ్చునది ప్రేమయా, గర్వమా?

2. మా వీధిలో, మా ఊరి చివర, ఎవరును పోని ఇల్లు ఏది? ఈ నెలలో అక్కడికి పోవుదునా?

3. చేదునీటి మజిలీలో నేను సణుగుచు నిలిచిపోయితినా?

ప్రార్థన

త్రోవ చూపు తండ్రీ, జనము గల చోట గర్వింపకయు, జనము లేని చోట క్రుంగకయు నీ జాడలో నడచుటకు మాకు కృప దయచేయుము. మేము ప్రేమించు పనిని నీ చేతిలో విడుచుటకు నేర్పుము. మా నీరు ఎక్కడికి పారుచున్నదో మాకు కనబడకపోయినను, నీ తోట పచ్చగా ఉండుటకు మమ్మును వాడుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.